డీలర్ల విందులో నా కుర్చీ

దుకాణం నడిపినన్నాళ్ళూ ఆ వ్యాపారంలో నాకు పేరు లేదు. "గల్ఫాయన దుకాణం" అనేవారు. ఆ గల్ఫాయన నా భర్త. మస్కట్‌లో ఉండేవాడు, ఎప్పుడో ఒకసారి సెలవు మీద వచ్చేవాడు. పొద్దున షట్టర్ లేపేది నేను. టీవీల మీద దుమ్ము తుడిచేది నేను. పిల్లలు గుద్ది గుద్ది పాడుచేసిన రిమోట్లను విప్పి, లోపలి రబ్బరు బిళ్ళలను స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ బిగించేది నేను. అయినా అది గల్ఫాయన దుకాణమే. ఇది చిన్న విషయమని చాలామంది నాకు నచ్చజెప్పారు. అలా చెప్పినవాళ్ళలో ఒక్కరి దుకాణం కూడా ఇంకొకరి పేరు మీద నడవలేదు.

ఇది తొంభైలలో సంగతి. ఆయన ఒక సెలవుకు వస్తూ టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ తెచ్చాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇంటి ముందు గదిలో పెడితే గల్లీ పిల్లలంతా కిటికీ ఊచలు పట్టుకుని వేలాడారు. అరుగుల మీద బీడీలు చుట్టుకునే వాళ్ళ తల్లులు, "లోపటికి రానియ్యి వదినా, ఊకెనే వద్దు, గంటకింత అని తీసుకో" అన్నారు. ఆయన తిరిగి వెళ్ళాక నేను ఇంకో మూడు టీవీలు కొని, నడుమ చెక్క అడ్డాలు పెట్టించి, ఆ గదిని దుకాణం చేశాను.

ఆ వ్యాపారానికి ప్రాణం క్యాసెట్. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ళ. దాన్ని గేమ్ డబ్బాలో గుచ్చితే టీవీ మీద ఆట వస్తుంది. పిల్లలకు ఏ ఆటైనా కొన్నాళ్ళే కొత్త. తర్వాత ఏ దుకాణంలో కొత్త ఆట ఉందో వాసన పట్టి అక్కడికి పోతారు. జిల్లాలో గేమ్స్ దుకాణాలన్నిటికీ క్యాసెట్లు ఇచ్చేది హైదరాబాద్ సేట్ ఒక్కడే. ఎండాకాలం సెలవులకు ముందు ఒక ఆదివారం ఆయన బోధన్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో డీలర్లకు భోజనం పెట్టేవాడు. భోజనాలయ్యాక కొత్త క్యాసెట్ల పెట్టె తెరిచి, ఒక్కో దుకాణం పేరు పిలిచేవాడు. వచ్చినవాళ్ళు తమకు కావలసినవి ఏరుకోవచ్చు. రానివాళ్ళకు మిగిలినవి. ఏడాది మొత్తంలో దుకాణం నిలబడేది ఆ రెండు నెలల సెలవుల్లోనే, సెలవులు ఎలా గడుస్తాయో తేలేది ఆ మధ్యాహ్నమే. పిలిచినప్పుడు ఆ హాల్లో ఉండాలి, అంతే. నేను ఇన్నేళ్ళూ చెబుతున్నది ఆ ఒక్క సంగతే.

మొదటి ఏడు నన్ను గేటు దగ్గరే ఆపారు.

"గల్ఫాయన దిక్కునుంచి ఎవరొచ్చిన్రమ్మా?"

"నేనొచ్చిన."

"అంటే, మగోళ్ళు?"

"నేనే వచ్చిన అంటున్న గద."

లోపలికి వదిలారు. భోజనం బాగుంది, ఆ మాట దాచను. తినడం అయ్యాక మా గేమ్స్ డీలర్ల సంఘం అధ్యక్షుడు నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొన్నారట. చెరుకు, వరి, బోధన్‌లో అందరికన్నా పెద్ద గేమ్స్ దుకాణం. గొంతు ఎన్నడూ పెంచేవాడు కాదు. ఆయన మర్యాదకు ఎదురు చెప్పడం అరిచేవాడికి ఎదురు చెప్పడంకన్నా కష్టం.

"అమ్మా, భోజనం సరిగ్గా చేశారా? పైన ఆడవాళ్ళకి వేరే ఏర్పాటు చేశాం. మా ఆవిడ ఉంది. పసుపు కుంకుమ, గాజులు. మీరూ వెళ్ళండి."

క్యాసెట్లు పంచేటప్పుడు పిలుస్తారనుకున్నాను. పైకి వెళ్ళాను. అక్కడంతా డీలర్ల భార్యలు. అధ్యక్షుడి భార్య నా చెయ్యి పట్టుకుని సైజు చూసి డజను గాజులు తీసింది. అప్పుడే కింద పాట మొదలైంది. కాళ్ళ కింద బండలు అదిరాయి. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గొంతులు పెంచి మాట్లాడుకోసాగారు.

"కింద ఏం నడుస్తున్నది?" అని అడిగాను.

"మగాళ్ళ సరదా లేండి. మనకెందుకు?" అంది అధ్యక్షుడి భార్య.

ఆర్మూరు డీలర్ భార్య నా పక్కన కూర్చుని ఉంది. "రికార్డింగ్ డ్యాన్స్ పెట్టిన్రక్కా. ఏడాదికి ఒక్కపారి. సూడనియ్యి. మనకు గాజులు, ఆళ్ళకు గా డ్యాన్సు" అని నవ్వింది.

గాజుల్లేకుండానే కిందికి దిగాను. హాలు తలుపులు వేసి ఉన్నాయి. తలుపు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపటికి ఆడోళ్ళు పోవద్దమ్మా."

"లోపట ఆడుతున్నది ఆడోళ్ళే గద?"

అతను కొంచెం ఆలోచించాడు. "గాళ్ళు వేరే" అన్నాడు.

తలుపు సందులోంచి చూశాను. వేదిక మీద తళుకు బట్టల్లో నలుగురు అమ్మాయిలు. పాటకూ పాటకూ మధ్య వాళ్ళలో ఇద్దరు చెరోవైపు క్యాసెట్ల పెట్టె పట్టుకుని నిలబడితే, సేట్ మైకులో ఒక్కో దుకాణం పిలుస్తున్నాడు. పిలిచినవాడు పైకెక్కి, ఆ అమ్మాయిల పక్కన నడుమొకసారి తిప్పి, ఈలల మధ్య పెట్టెలో చెయ్యి పెట్టి క్యాసెట్లు ఏరుకుని దిగుతున్నాడు. క్యాసెట్ల పంపకం అంటే అదన్నమాట. నా దుకాణం వంతు వచ్చింది.

"గల్ఫాయన! గల్ఫాయన దిక్కు ఎవరు లేరా?"

"ఆయన మస్కట్ల ఉన్నడు సేట్, గక్కడ వేరే డ్యాన్సు సూస్తుండొచ్చు!" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. నేను తలుపు బాదాను. పాట మళ్ళీ మొదలైంది.

ఆ ఏడు నాకు దక్కినవి ఎవరికీ అక్కరలేని క్యాసెట్లు. మా పిల్లలు అంతకుముందే ఆడి ఆడి విసిగినవి. సెలవుల్లో నా టీవీలు రెండు సగం రోజు ఖాళీగా ఉండేవి. ఖాళీ టీవీ ముందు కూర్చుని రోడ్డు చూడటం అలవాటైంది.

శుక్రవారం మస్కట్‌లో మా ఆయనకు సెలవు. మా ఎదురింటి ఫోనుకు చేసేవాడు. సంగతంతా చెప్పాను.

"నీకెందుకే గా లొల్లి? వచ్చేయేడు మా తమ్ముని పంపు."

"దుకాణం నడిపేది మీ తమ్ముడా?"

"ఏరుకునేటందుకు నడిపినోళ్ళే గావాల్నా?"

ఎదురింటివాళ్ళు వింటున్నారు. పెట్టేశాను. మరిదికి గేమ్ డబ్బాలో క్యాసెట్ ఏవైపు తిప్పి గుచ్చాలో కూడా తెలియదు.

రెండో ఏడు భోజనమయ్యాక పైకి వెళ్ళలేదు. అధ్యక్షుడు రెండుసార్లు వచ్చి "అమ్మా, పైన" అన్నాడు. "గాజులున్నయి నాకు" అన్నాను. వెనక వరుసలో ఒక చివర కూర్చున్నాను. డ్యాన్సు మొదలైంది. నా ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్ళీ వేదిక చూసి, మళ్ళీ నన్ను చూశారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు గాని, ఆ అమ్మాయిల్లో ఒకామె చాలా బాగా ఆడింది. పొడుగ్గా, చామనఛాయగా ఉంటుంది. పాట ఎక్కడ విరుగుతుందో ముందే తెలిసినట్టు ఆడేది. అది చూస్తూ కూర్చోవడంలో నాకు తప్పేమీ కనబడలేదు. తప్పు కనబడింది నన్ను పిలిచాక.

"గల్ఫాయన!"

లేచి వేదిక ఎక్కాను. ఆ పొడుగు అమ్మాయి పెట్టె ఒక చివర పట్టుకుని ఉంది. నేను వంగి క్యాసెట్లు చూస్తుంటే కింద నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఒక్క స్టెప్పెయ్యక్కా! ఉత్తగనే తీసుకపోతవా?"

బాన్సువాడ డీలర్. లేత పసుపు చొక్కా, జేబులో రెండు పెన్నులు. నాకన్నా చిన్నవాడు. ఈల వేసింది అతని పక్కవాడు. చప్పట్లు మొదలుపెట్టింది మా నిజామాబాద్ మనిషే, బస్టాండు దగ్గర దుకాణం. సేట్ మైకులో నవ్వాడు, ఆ నవ్వు స్పీకర్లలోంచి పెద్దదై వచ్చింది. అధ్యక్షుడు నవ్వలేదు. చెయ్యి ఎత్తి ఊరుకోమన్నట్టు ఊపాడు, నన్ను.

నేను మూడు క్యాసెట్లు తీసుకుని మైకు దగ్గరికి వెళ్ళాను. "దుకాణం పెట్టినందుకు వచ్చిన. ఆడనీకి రాలే" అన్నాను. ఇంకా చాలా అనాలని ఉండింది. సేట్ మైకు జరిపేసి "సరే సరే, అక్క నారాజ్ అయింది, తర్వాత పాట!" అన్నాడు. దిగి బయటికి వచ్చేశాను. నిజామాబాద్ బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే క్యాసెట్ల సంచి దాని మీద పెట్టుకున్నాను.

ఆ ఎండాకాలం దుకాణం నిండింది. అయినా చప్పట్లు చెవిలోంచి పోలేదు.

సంఘం మీటింగులు నిజామాబాద్‌లో ఒక ఇరానీ హోటల్ పైగదిలో జరిగేవి. తర్వాతి మీటింగులో నేను లేచి నిలబడ్డాను. సేట్ కూడా ఏదో పనిమీద వచ్చి ఉన్నాడు.

"సమస్యేమిటో చెప్పండమ్మా, అందరం విందాం" అన్నాడు అధ్యక్షుడు.

"క్యాసెట్లు పంచుడు వ్యాపారం. దాన్ల డ్యాన్సు ఎందుకు? గా ఆడేటి ఆడపిల్లలతోని పెట్టె పట్టిచ్చుడు ఎందుకు? ఆళ్ళేమన్న బల్లలా? మనం నడిపేది పిల్లల ఆటల దుకాణాలు. పొద్దుగాల పంచుండ్రి, మందిల పంచుండ్రి, డ్యాన్సు లేకుండ పంచుండ్రి."

బాన్సువాడ ఆయన అప్పటికే నవ్వుతున్నాడు. "అక్కా, నీ దుకాణంల ఫైటింగ్ గేమ్ ఉన్నది గద. అండ్ల ఆడపిల్ల ఎసొంటి బట్టలేసుకుంటది? గామెను నువ్వెందుకు పెట్టుకున్నవ్?"

"గామెను ఎవడన్న తంతె తిరిగి తంతది. అందుకే పెట్టుకున్న."

ఒకరిద్దరు నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. బస్టాండు దుకాణం ఆయనకు అది నచ్చలేదు. "డ్యాన్సు లేకుంటె ఎవరొస్తరు? బిచ్కుంద నుంచి బస్సెక్కి ఉత్త మటన్ తిననీకి వస్తరా?"

"క్యాసెట్లకు వస్తరు. నేను గందుకే వస్తున్న."

"ఆళ్ళ పొట్ట కొడ్తవా అక్కా? ఆళ్ళకు గూడ పిల్లజెల్ల ఉంటరు."

"ఆళ్ళను పిలవద్దనలే. పెండ్లికి పిలువుండ్రి, జాతరకు పిలువుండ్రి. నాకు నా క్యాసెట్లకు నడుమ నిలబెట్టకుండ్రి."

అప్పుడు సేట్ అందుకున్నాడు. "మేడం, ఇది ఇండస్ట్రీ స్టైల్. ఫారిన్‌ల గూడ పెద్ద పెద్ద గేమ్ కంపెనీలోళ్ళు పార్టీలల్ల డ్యాన్సర్లను పెడ్తరు. నేను ఫోటోలు చూసిన. గక్కడ ఎవరు గిట్ల లొల్లి చెయ్యరు."

"ఫోటోల లొల్లి ఎట్ల కనబడ్తది? గక్కడ గూడ నా అసొంటిది ఒకతి లేచి అడిగే ఉంటది" అన్నాను.

అది మాటకు మాటగా అన్నది కాదు. ఏదో దేశంలో, ఏదో పెద్ద హాల్లో, క్యాసెట్లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్న ఒక ఆడమనిషి ఇలాగే లేచి నిలబడి ఉంటుందని, ఆమె పక్కవాళ్ళు ఇలాగే తలలు దించుకుని ఉంటారని ఆ క్షణంలో నాకు గట్టిగా అనిపించింది. తర్వాత కూడా, మధ్యాహ్నాలు దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు ఆమెతో మనసులో మాట్లాడేదాన్ని. ఏ భాషలో మాట్లాడానో చెప్పలేను. ఈ గొడవలో నాకున్న తోడు ఆమె ఒక్కతే.

అధ్యక్షుడు అందరినీ చూశాడు. "అమ్మగారి మాటతో ఏకీభవించేవాళ్ళు చేతులెత్తండి."

నేను ఆర్మూరు ఆయన వైపు చూశాను. నెమ్మదస్తుడు. అంతకుముందు మా దుకాణానికి వచ్చినప్పుడు "నువ్వు చెప్పేది కరెక్టే అక్కా, గా డ్యాన్సు నాకు గూడ నచ్చది" అని తనంతట తానే అన్నాడు. ఆయన అప్పుడే చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు. ఒక చేతిలో సాసరు, ఒక చేతిలో కప్పు.

ఒక్క చెయ్యి లేవలేదు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కాని అధ్యక్షుడు మర్యాదస్తుడు కదా. "అయినా ఆవిడ బాధపడ్డారు. మన సంఘంలో ఆడమనిషి బాధపడకూడదు. ఒక పని చేద్దాం. వచ్చే ఏటి నుంచి విందుకు ఆడవాళ్ళనెవరినీ పిలవొద్దు. మగవాళ్ళకే పెడదాం. అమ్మగారి క్యాసెట్లు మనమే ఇంటికి పంపిద్దాం. ఆవిడ ఎండలో ఇంత దూరం రానక్కర్లేదు. ఏమంటారు?"

చప్పట్లు కొట్టారు. బాన్సువాడ ఆయన కూడా కొట్టాడు. వాళ్ళు నన్ను వెక్కిరించారని చెబితే అబద్ధమవుతుంది. నా ఫిర్యాదు విని, ఆలోచించి, తీర్చామనే నమ్మారు. డ్యాన్సు నాకు ఇబ్బంది కాబట్టి నన్ను తీసేశారు. "నేను అడిగింది ఇది గాదు" అన్నాను. "మీరు ఇబ్బంది పడకూడదనే కదమ్మా" అన్నాడు అధ్యక్షుడు, ఎంతో ఓపికగా.

మెట్లు దిగుతుంటే ఆర్మూరు ఆయన వెనకే వచ్చాడు. "మంచిగైంది గదక్కా. గా తమాషా సూసే బాధ తప్పింది నీకు."

"చెయ్యెందుకు ఎత్తలే అన్నా?"

"చాయ్ చేతిల ఉండె."

కొన్నాళ్ళకు ఆయన భార్య పసుపు కొనడానికో అమ్మడానికో నిజామాబాద్ వచ్చి, కంఠేశ్వర్ గుడి ముందు కనబడింది. నేనే పలకరించాను. ఆమె మొహం తిప్పి, మళ్ళీ ఆగలేక నా వైపు తిరిగింది. "మాకు గా ఒక్క దినం ఉండె బయటికి వచ్చేటందుకు. కొత్త చీర కట్టుకుంటుంటిమి. నీ లొల్లితోని గది గూడ పాయె. నీకేం, దుకాణం పేరు మీద ఎక్కడికన్న పోతవ్." ఆ మాట అని ఆటో ఎక్కేసింది.

మూడో ఏడు నన్ను పిలవలేదు. తారీకు మాత్రం కనుక్కున్నాను. సేట్ మనిషి క్యాసెట్లు ఎప్పుడు తెస్తాడని అమాయకంగా అడిగితే బస్టాండు దుకాణం ఆయనే చెప్పేశాడు. ఆ ఆదివారం బోధన్ బస్సెక్కాను. దారి పొడవునా చెరుకు బండ్లు, ఫ్యాక్టరీ దగ్గర పడుతున్నకొద్దీ పులిసిన బెల్లం లాంటి వాసన. కిటికీ పక్కన కూర్చుని, లోపలికి రానివ్వకపోతే గేటు ముందే కూర్చోవాలని నిర్ణయించుకున్నాను.

రానిచ్చారు. ఆపడానికి ఎవరికీ నోరు రాలేదు. భోజనాలు అయిపోవచ్చాయి. నేను తినకుండా నేరుగా హాల్లోకి వెళ్ళి మొదటి వరుస నడుమ కూర్చున్నాను. కాసేపటికి అధ్యక్షుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఇంటికి పంపిస్తామన్నాం కదా."

"పోయినేడు నేనే ఏరుకున్న. ఈయేడు గూడ నేనే ఏరుకుంట."

"కార్యక్రమం మొదలుపెట్టాలి."

"పెట్టుండ్రి. నేనేమన్న పట్టుకున్ననా?"

ఆయన వెళ్ళి సేట్‌తో మాట్లాడాడు. వేదిక పక్కన అడ్డం కట్టిన బట్ట వెనక గజ్జెల చప్పుడు వినబడుతోంది. సేట్ విసుగ్గా చెయ్యి ఊపాడు. పాట పెట్టారు. అమ్మాయిలు వేదిక మీదికి వచ్చారు.

అప్పుడు నేను లేచి, నా కుర్చీని అటు నుంచి ఇటు తిప్పి, వేదికకు వీపు పెట్టి కూర్చున్నాను. హాలంతా నా ఎదురుగా ఉంది.

"గదేంది అక్కా?" అన్నాడు బాన్సువాడ ఆయన, రెండో వరుసలోంచి.

"మీరు డ్యాన్సు సూడుండ్రి. నేను మిమ్ముల్ని సూస్త."

అంతకుముందు ఆలోచించి చేసింది కాదు. కాని చేశాక లేవలేదు. ఒక్కొక్కరినే చూశాను. ఎవరినీ కోపంగా చూడలేదు, దుకాణంలో పిల్లలు ఆడుతుంటే టైము అయిందా అని చూస్తామే, అలా. బస్టాండు దుకాణం ఆయన రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆర్మూరు ఆయన చెప్పులు చూసుకున్నాడు. బాన్సువాడ ఆయన రెండు వేళ్ళు నోటిదాకా తెచ్చి, నా కళ్ళు చూసి, ఆ వేళ్ళతోనే మీసం సర్దుకుని ఫ్యాను వైపు చూశాడు. వెనక నుంచి ఒక్కొక్కరే మంచినీళ్ళకని లేచారు. ఈల లేదు, చప్పట్లు లేవు. పాట మాత్రం పెద్దగా మోగుతోంది. నా వీపు వెనక గజ్జెలు, ఆ అమ్మాయిల ఊపిరి. వాళ్ళు ఆ పాట చివరిదాకా ఆడారు. అది అయ్యాక రెండో పాట పెట్టమని ఎవరూ అనలేదు.

సేట్ తనే పెట్టె మోసుకొచ్చి ఒక బల్ల మీద పెట్టాడు. మైకు లేకుండా, ఎవరి మొహమూ చూడకుండా, "రండి, తీసుకోండి" అన్నాడు. నేను ముందు లేచాను. నాకు కావలసినవి నిదానంగా ఏరుకున్నాను. నా వెనక వరుసలో నిలబడ్డ మగవాళ్ళు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా అనిపించింది. ఎంతసేపో కాదు, గేటు దాటేదాకా.

గేటు బయట రోడ్డు మీద బస్ స్టాపు ఉంది. రేకుల నీడలో ఆ అమ్మాయిలు నలుగురూ ముందే కూర్చుని ఉన్నారు, తళుకు బట్టల మీద మామూలు చీరలు చుట్టుకుని. మహారాష్ట్రలో ధర్మాబాద్ వైపు వెళ్ళే బస్సు కోసమట. నేను కొంచెం దూరంగా ఎండలో నిలబడ్డాను. ఆ పొడుగు అమ్మాయి లేచి వచ్చింది.

"మీటింగులల్ల మా మీద లొల్లి చేసేది నువ్వేనా అక్కా?"

"మీ మీద గాదు. గాళ్ళ మీద."

"మా మాట తీసే గద చేస్తివి. మమ్ముల్ని ఒక్కపారన్న అడిగితివా?"

"మీ కూలి ఇచ్చిన్రా?"

"కూలి ముందే తీసుకుంటం. నీ అసొంటోళ్ళు ఉంటరని." నవ్వకుండానే అంది. "ఏం చెప్పినవ్ మా గురించి?"

"మీతోని పెట్టె పట్టిచ్చుడు తప్పని చెప్పిన. బల్ల లెక్క నిలబెడ్తున్నరని."

ఆమె వెనక్కి తిరిగి తనవాళ్ళతో మరాఠీలో ఏదో అంది. వాళ్ళు నవ్వారు. "పెట్టె పట్టుకున్నప్పుడే గదక్కా మేము ఊపిరి తీసుకునేది! పాటకు పాటకు నడుమ మాకు గదే ఆరాం. ఇయ్యాల గది గూడ లేకపాయె."

నేను ఏడాది పొడుగునా అందరితో వాదించింది ఆ పెట్టె గురించే.

"ఈలలేస్తె ఆడొచ్చు. తిట్టినా ఆడొచ్చు" అంది మళ్ళీ. "ఒకామె ఈపు తిప్పి కూసుంటె కాళ్ళు ఆడ్తయా? పాట అయ్యేదాక నాకు నీ ఈపే కనబడ్డది."

"నేను గాళ్ళను సూడాలని తిరిగిన. పోయినేడు నువ్వు ఆడింది సూసిన. మంచిగ ఆడినవ్."

"గా మాట మీటింగుల చెప్పినవా?"

చెప్పలేదు. బస్సు వచ్చింది. నలుగురూ ఎక్కారు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, కాని ఇటు చూడలేదు. ఆమెకు కోపం ఎందుకు వచ్చిందో నాకు అర్థమైంది. నా కోపం మాత్రం దాంతో తగ్గలేదు. నా క్యాసెట్లకు దారి అదొక్కటే అయినప్పుడు నేను ఇంకెటు తిరిగి కూర్చోవాలి? ఇది ఆమెను అడగాల్సింది. నీడ ఖాళీ అయింది. వెళ్ళి అందులో నిలబడ్డాను.

ఆ శుక్రవారం ఫోను మామూలు కన్నా ముందే వచ్చింది.

"నీ సంఘం పెద్దమనిషి నాకు ఫోన్ చేసిండు" అన్నాడు ఆయన. "మస్కట్ దాక! నీ భార్యకు జర నచ్చజెప్పుండ్రి అని. నన్ను తలెత్తకుంట చేసినవ్."

"మస్కట్ల ఎవరి ముంగట తలెత్తాలె?"

"మజాక్ చెయ్యకు. గాళ్ళు చెప్పింది చెప్పిన."

"నేను చెప్పింది గూడ ఒక్కపారి చెప్పు, నీ నోటితోని. ఏం చెప్పిన నేను?"

ఆయన చెప్పలేకపోయాడు. నిరుటి నుంచి ప్రతి శుక్రవారం చెబుతున్నాను. లైను ముందు పెట్టేసింది నేను కాదు, ఎదురింటివాళ్ళను అడిగినా చెబుతారు.

నాలుగో ఏడు పద్ధతి మారింది. బోధన్ రోడ్డు హాలు లేదు, డ్యాన్సు లేదు. నిజామాబాద్‌లోనే ఒక హోటల్లో పొద్దున పంపకం, తర్వాత శాకాహార భోజనం. అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పారు. పిలవడం కూడా దుకాణం ఉన్న గల్లీ పేరుతో పిలిచారు, కంఠేశ్వర్ అని. నేను అడిగినవన్నీ జరిగాయి. బల్ల మీద పెట్టె పెట్టి, ఒక్కొక్కరూ వచ్చి తీసుకుని సంతకం పెట్టి వెళ్ళాలి. రేషన్ షాపు కన్నా తొందరగా అయిపోయింది.

"ఇదంతా అక్క దయ" అన్నాడు బాన్సువాడ ఆయన, పప్పు గిన్నె వైపు చూస్తూ. "ఏడాదికోపారి నవ్వుదుమంటె గది గూడ లేకపాయె."

"వచ్చేయేడు సత్యనారాయణ వ్రతం పెడ్తది ఊకో" అన్నాడు ఇంకొకడు.

అధ్యక్షుడు నాకు నమస్కారం పెట్టి, "సంతోషమేనా అమ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళాడు.

పొడవాటి బల్లలు మూడు వేశారు. నేను నడిమి బల్లకు కూర్చున్నాను. ముందు వచ్చినవాళ్ళు అటువైపు బల్లకు వెళ్ళారు. తర్వాత వచ్చినవాళ్ళు ఇటువైపు బల్లకు వెళ్ళారు. అవి రెండూ నిండాక వచ్చినవాళ్ళు నిలబడి తింటామని ప్లేట్లు చేత పట్టుకున్నారు. ఆర్మూరు ఆయన నా బల్ల దాకా వచ్చి, కుర్చీ మీద చెయ్యి వేసి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి, గోడవైపు వెళ్ళాడు. ఎవరూ పిలవలేదు.

నా ముందున్న బల్లంతా ఆకులు పరిచి, నీళ్ళ గ్లాసులు పెట్టి ఉంది. రెండు పక్కలా కబుర్లు, ఏ కొత్త ఆట ఎలా ఉందో, కంప్యూటర్ గేములు వస్తే మన గతేమిటో. కంప్యూటర్ల గురించి నాకూ చెప్పాలని ఉంది. నేను హైదరాబాద్ వెళ్ళి చూసి వచ్చాను, వాళ్ళలో ఎవరూ చూడలేదు. గొంతు కొంచెం పెంచితే వినబడేంత దూరమే.

సగం తిని లేచి వెళ్ళిపోవచ్చు. వాళ్ళు అందుకే చూస్తున్నారని తెలుసు. కూర మళ్ళీ వేయించుకున్నాను. సాంబారు అన్నం పూర్తిగా తిన్నాను. అటుపక్క బల్ల లేచింది, ఇటుపక్క బల్ల లేచింది. చేతులు కడుక్కుని, "పోయొస్తం సేట్" అంటూ ఒక్కొక్కరే మెట్లు దిగారు. వడ్డించే పెద్దాయన బకెట్ పట్టుకుని వచ్చి, వాడని ఆకులన్నీ ఒకసారి చూశాడు.

"ఈ బల్లకు ఇంకెవరన్న వచ్చేటోళ్ళున్నరా అక్కా? తీసెయ్యాల్నా?"

"నేనున్న గద" అన్నాను. "పెరుగు వెయ్యి."